కొరత ఎంత అంటే టీఎంసీల్లో చెప్పకండి: కాకతీయ కాలువ కింద రెండు యాసంగుల లెక్క

ఫిబ్రవరి మూడో వారం. కాకతీయ కాలువ మీద, లోయర్ మానేరు జలాశయానికి దిగువన, వరంగల్ వైపు వచ్చే ఒక డిస్ట్రిబ్యూటరీ (పిల్ల కాలువ) చివరి తూము దగ్గర నిలబడ్డాం. నేను, లష్కరు (కాలువ కాపలా చూసే మనిషి), ఇద్దరు రైతులు. తూము షట్టరు పూర్తిగా పైకి ఎత్తి ఉంది. దాని కింద గచ్చు మీద చెయ్యి పెడితే చెమ్మ కూడా తగల్లేదు. నా చేతిలో ఉన్న కాగితం, నేను వేసిన లెక్కే, ఆ యాసంగికి (రబీకి) మొత్తం నీటి కొరత 12 శాతం అంటోంది.

"పన్నెండు అంటే రూపాయికి పన్నెండు పైసలే గద సారూ? మరి మా తూముకు రూపాయికి రూపాయి ఎట్ల పోయింది?" అన్నాడు ఒకాయన.

లెక్క తప్పు కాదు. ఇంటికొచ్చి మళ్లీ కూడితే మళ్లీ 12 శాతమే వచ్చింది. తప్పు ఇంకెక్కడో ఉంది. అది పట్టుకోడానికి ఆ యాసంగి సగం, తర్వాతి యాసంగి మొత్తం పట్టింది. ఊళ్ల పేర్లు, తూముల నంబర్లు తీసేశాను. చదివేవాళ్లు కూడి చూసుకోడానికి వీలుగా అంకెలు గుండ్రం చేశాను.

ఎవరెవరు ఆ నీళ్ల మీద ఉన్నారు

కథ గోదావరి మీద పోచంపాడు నుంచి, అంటే శ్రీరాంసాగర్ జలాశయం నుంచి మొదలవుతుంది. శ్రీరాంసాగర్ కట్టినప్పుడు సామర్థ్యం 112 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). పూడిక చేరి తర్వాత సర్వేల్లో 90.3కి, ఆపైన 80.5కి దిగింది. అక్కడి నుంచి కాకతీయ కాలువ 284 కిలోమీటర్లు. 146వ కిలోమీటరు దగ్గర కరీంనగర్ పక్కన లోయర్ మానేరులో కలుస్తుంది, అక్కడ మళ్లీ బయల్దేరి వరంగల్ వైపు వస్తుంది. లోయర్ మానేరు పూర్తి సామర్థ్యం 24.07 టీఎంసీలు. మా పని అంతా ఈ రెండో సగం మీద, అందులోనూ ఒక డిస్ట్రిబ్యూటరీ మీద.

పైన గోదావరి మీదే మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీ గేట్లు ఉన్నాయి. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా అవి తెరిచే ఉండాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. అంటే అక్టోబర్ చివర్లో శ్రీరాంసాగర్, మానేరు మట్టం ఎంత ఉందో, యాసంగికి మన చేతిలో ఉన్నది దాదాపు అంతే. తర్వాత వచ్చేది లెక్కలో వేసుకునేంత కాదు.   

మా కాలువ మీద పోటీదారులు వీళ్లు: వరి రైతులు (ఎగువ ఒక జాతి, దిగువ ఒక జాతి అనుకోండి), మిషన్ భగీరథ (ఇంటింటికీ తాగునీళ్ల పథకం), వరంగల్ నగరం, కాలువ నీళ్లతో నిండే చెరువుల్లో చేపలు పెంచుకునే సంఘాలు, కాలువ గట్టు మీద పెట్టి నీళ్లు లాగే, ఏ రిజిస్టర్‌లోనూ లేని గట్టు మోటర్లు. పరిశ్రమ వాటా చాలామంది అనుకునేంత లేదు. ఉదాహరణకు చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రం సామర్థ్యం 1,100 మెగావాట్లు. 2015 డిసెంబర్ నిబంధన ప్రకారం పాత ప్లాంట్లు యూనిట్‌కు 3.5 లీటర్లు దాటకూడదు. ఆ లెక్కన రోజంతా పూర్తిగా నడిచినా 38 క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు). అదీ గోదావరి నీళ్లే, మా కాలువ నీళ్లు కావు. మీటింగుల్లో "ఫ్యాక్టరీలకు పోతున్నయి" అన్న మాట వచ్చినప్పుడల్లా ఈ అంకె చెప్పాల్సి వచ్చింది.

నగరం అవసరం కూడా అంతే, చూడ్డానికి పెద్దది, కొలిస్తే చిన్నది. కార్పొరేషన్‌లో మనిషికి రోజుకు 150 లీటర్లు ప్రమాణం. పది లక్షల మంది అనుకుంటే 15 కోట్ల లీటర్లు. ఒక క్యూసెక్కు రోజంతా పారితే 24.5 లక్షల లీటర్లు. అంటే వరంగల్, హన్మకొండ, కాజీపేట అన్నీ కలిపి తాగేది, వాడేది 61 క్యూసెక్కులు. ఏడాదికి రెండు టీఎంసీలకు కొంచెం తక్కువ.

ఇప్పుడు వరి. యాసంగి వరికి దుక్కి నుంచి కోత దాకా మడిలో 1,250 మిల్లీమీటర్ల నీళ్లు అనుకుందాం. ఎకరానికి 50 లక్షల లీటర్లు పైచిలుకు. ఒక మనిషికి రోజుకు 150 లీటర్ల చొప్పున 92 ఏళ్లు వచ్చే నీళ్లు. ఈ పోలిక చెప్తే రైతు మొహం మాడుతుంది, నాకు తెలుసు. వరి తప్పు అని చెప్పడానికి కాదు. తాగునీళ్ల కొరత, సాగునీళ్ల కొరత ఒకే తూకంలో వెయ్యకూడదు అని చెప్పడానికి. నగరానికి చాలేవి పరిమాణంలో కొన్నే, కానీ ఒక్కరోజూ తప్పకూడదు. వరికి కావలసినవి కొండంత, కానీ ఏ రోజు అందాయి అన్నదే పంట.

ఇంకొకటి, దీన్ని ఎవరూ పోటీదారు అనుకోరు. ఎండ. మానేరు నీటి విస్తీర్ణం 40 చదరపు కిలోమీటర్లు ఉన్న రోజుల్లో, రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైతే పోయేది 130 క్యూసెక్కులు. వరంగల్ నగరానికి రెండింతలు.

మొదటి యాసంగిలో నేను చేసిన తప్పు

నేను చేసింది అందరూ చేసేదే. ఒక పక్క నిల్వ: మట్టం చూసి టీఎంసీలు, అందులోంచి డెడ్ స్టోరేజీ (తూముకు అందని అడుగు నీళ్లు), ఆవిరి, తాగునీటి వాటా తీసేశాను. ఇంకో పక్క అవసరం: ఎకరాలు, పంట, తడులు. తేడా తీస్తే 12 శాతం. అందరికీ సమానంగా కోస్తే న్యాయం అనుకున్నాను. ప్రతి తడికీ 12 శాతం తక్కువ నీళ్లు అని కాగితం రాసిచ్చాను, అదీ జనవరి చివర్లో. అప్పటికి నాట్లు అయిపోయాయి.

కాలువకు సమానంగా కోయడం రాదు. డిస్ట్రిబ్యూటరీ తల దగ్గర నీళ్లు 12 శాతం తగ్గిస్తే మొదటి తూములు తమ వంతు తాము తీసుకుంటాయి. ఆ తూములు ఎప్పుడూ తెరిచే ఉంటాయి, వాటికి షట్టర్లు ఉంటే కదా మూసేది. తగ్గిన 12 శాతం, దారి పొడుగునా గట్టు మోటర్లు లాగింది, మట్టి కాలువలో ఇంకింది అంతా కలిసి చివరి నాలుగు తూముల మీద పడింది. కొరత ఎత్తు నుంచి పల్లానికి పారుతుంది, నీళ్లలాగే.

దీన్ని అంకెల్లో చూద్దాం. కాలువ 200 క్యూసెక్కులది. పద్ధతి వారబందీ: 8 రోజులు ఆన్, 7 రోజులు ఆఫ్. ఆ 8 రోజుల్లో వదిలినదాంట్లో మడి దాకా చేరేది 60 శాతం అనుకోండి. మార్చిలో వరి మడికి ఎండ, ఇంకుడు కలిపి రోజుకు 10 మిల్లీమీటర్లు, అంటే ఒక తడి 15 రోజులకు 150 మిల్లీమీటర్లు ఇవ్వాలి. కూడితే ఆ కాలువ నిలబెట్టగల వరి 3,850 ఎకరాలు. అదే మక్కజొన్నకు రోజుకు 5 మిల్లీమీటర్లు అనుకుంటే 7,700. ఆ ఏడాది ఆ కాలువ కింద నాట్లు పడిన వరి ఈ రెండు అంకెల మధ్య ఎక్కడో ఉంది, మొదటిదాని కంటే రెండోదానికి దగ్గరగా. అంటే మానేరు నిండుకుండలా ఉన్నా మార్చిలో చివరి తూము ఎండాల్సిందే. జలాశయంలో కొరత 12 శాతం. కాలువలో కొరత అసలు వేరే కొరత. నేను ఒకటి కొలిచి రెండోదానికి మందు రాశాను.

బాయిల లెక్క

ఇంకో తప్పు ఇంతకంటే సిగ్గుపడాల్సింది. మధ్య తూముల కింద రైతులకు బోర్లు, బాయిలు ఉన్నాయి కదా అని వాటి నీళ్లు నా పట్టికలో "ఇతర వనరు" కింద కలిపాను. లష్కరు ఒకరోజు నన్ను ఒక పాత గచ్చు బాయి దగ్గరికి తీసుకుపోయాడు. "టేపు తెచ్చిన్రా సార్? ఇయ్యాల కొలువున్రి, వచ్చే వారం మల్ల కొలువున్రి" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

స్టీలు టేపు చివర రెండు మూరల దాకా సుద్ద రాసి బాయిలోకి వదిలాను. తడిసిన చోట సుద్ద రంగు మారుతుంది, ఎంత లోతున నీళ్లు ఉన్నాయో కొన్ని మిల్లీమీటర్ల తేడాతో తెలుస్తుంది. కాలువ ఆన్‌లో ఉన్న ఆఖరి రోజు ఒక కొలత. కట్టేసిన ఏడో రోజు ఇంకో కొలత. మోటరు నడిచే గంటలు సుమారు అంతే, నీళ్లు మాత్రం రెండు గజాలకు పైగా దిగాయి. కాలువ మళ్లీ వదిలాక మూడు నాలుగు రోజులకు పైకొచ్చాయి. పక్క బాయి అంతే, దాని పక్కది కూడా అంతే. కట్ట నుంచి దూరం పెరిగేకొద్దీ ఆ రాకపోకలు ఆలస్యమయ్యాయి, సన్నబడ్డాయి.

బాయి నీళ్లు వేరే నీళ్లు కావు. కాలువ నీళ్లే, వారం ఆలస్యంగా వచ్చేవి. కాలువ నష్టం అని ఒకచోట రాశాను, అదే నష్టాన్ని బాయి ఆదాయం అని ఇంకోచోట కలిపాను. ఒకే నీళ్లు రెండుసార్లు లెక్కపెట్టాను. పట్టిక సరిచేస్తే 12 కాస్తా 20 దాటింది. కాలువకు సిమెంటు లైనింగ్ చేయిస్తే నష్టం తగ్గుతుంది అనేవాళ్లు ఈ బాయిల దగ్గర ఒక వారం కూర్చుని రావాలి. లైనింగ్ వద్దని కాదు. ఎవరి నీళ్లు ఎవరికి పోతున్నాయో తెలిసి చేయాలని.

ఏప్రిల్‌లో తాగునీటి విడుదల

అదే ఏడాది ఏప్రిల్‌లో సాగునీళ్లు ఆపేశారు. ఒక తాగునీటి చెరువు అడుగంటింది, దాన్ని నింపాలి. కావలసింది 10 కోట్ల ఘనపుటడుగులు, అంటే 0.1 టీఎంసీ. 300 క్యూసెక్కులు వదిలితే కాగితం మీద నాలుగు రోజుల పని.

మొదటి రోజు ఎండిన కాలువ నేల తాగింది. బీటలు వారిన మట్టికి అది మామూలే. రెండో రోజు సాయంత్రానికి నీళ్లు సగం దూరం వచ్చాయి. ఆ రాత్రి గట్టు మీద బైక్ మీద తిరిగాం. లైట్లు ఆర్పి నిలబడితే మోటర్ల శబ్దం వినపడుతోంది, ఒకటి కాదు, వరసగా. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు, పగలు రాత్రి తేడా లేదు. ఐదు హార్స్‌పవర్ మోటరు తక్కువ ఎత్తుకు తోడితే సెకనుకు 15 లీటర్ల దాకా లాగుతుంది. రెండు మోటర్లకు ఒక క్యూసెక్కు. రెండు వందల మోటర్లంటే వంద క్యూసెక్కులు, అంటే వదిలిన దాంట్లో మూడో వంతు.

వాళ్లను దొంగలు అనడం నాకు ఇష్టం లేదు. పొట్టకొచ్చిన పొలం ఎండుతుంటే కళ్లముందు నుంచి నీళ్లు పోతుంటాయి. ఆ పక్క ఫిల్టర్ బెడ్‌లో ఆపరేటరు ఇంటేక్ బావిలో నీటిమట్టం చూసి గంటకోసారి ఫోన్ చేస్తుంటాడు. చెరువు నిండడానికి నాలుగు రోజులు అనుకున్నది తొమ్మిది పట్టింది.

అందుకని తాగునీటి అవసరం అని పట్టికలో రాసేటప్పుడు ఇప్పుడు రెండు అంకెలు రాస్తాను. చెరువులో చేరాల్సింది ఒకటి, కాలువ తలలో వదలాల్సింది ఒకటి. ఎండిన కాలువలో ఏప్రిల్ విడుదలకు రెండోది మొదటిదానికి రెండింతలకు తగ్గదు. కాలువ తడిగా ఉండగానే, చివరి సాగు తడితో పాటే చెరువు నింపేస్తే చాలా తక్కువతో పోతుంది. ఇంత చిన్న విషయానికి ఎవరూ అడ్డు చెప్పలేదు, కానీ రెండో ఏడు దాకా ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

చేపల సంఘం గురించి ఒక్క మాట. చెరువు పూర్తిగా దించితే వాళ్ల చేపపిల్ల పోతుంది. వాళ్లు అడిగింది తూము అడుగు మట్టం దగ్గర ఆపమనే. అది ఇవ్వడం కష్టం కాలేదు. మొదట్లో మీటింగుకు వాళ్లను పిలవకపోవడమే తప్పు.

రెండో యాసంగి

ఈసారి జనవరి దాకా ఆగలేదు. నారు పోయకముందే తైబందీ, అంటే ఎన్ని ఎకరాలకు నీళ్లు ఇస్తామన్నది, తేల్చాలి, లేకపోతే మన లెక్క పంచాంగం పనికి కూడా రాదు. నాటేసిన తర్వాత కొరత చెప్తే రైతు చేయగలిగింది మోటరు కొనడం ఒక్కటే. రాష్ట్ర స్థాయిలో నీటి ప్రణాళిక కమిటీ నిర్ణయం, పేపర్లు 'శివం' అని రాసేది, వచ్చే లోపే మా డిస్ట్రిబ్యూటరీ పట్టిక సిద్ధం చేసుకున్నాం.

పట్టికలో టీఎంసీలు లేవు. ప్రతి తూముకు ఒక వరస. దాని కింద ఎన్ని తడులు ఖాయం, ఎన్ని అనుమానం, ఆన్ అయిన ఎన్నో రోజు నీళ్లు ఆ తూముకు చేరతాయి. తాగునీళ్లు ముందే పక్కన పెట్టాం, జూన్ చివరి దాకా కాదు, జులై చివరి దాకా. గోదావరికి వరద ఏ తేదీన వస్తుందో మాట ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు.

కొరతకు బరువు కూడా వేశాం. పిలకల దశలో ఒక తడి తప్పితే వరి కొంత కోలుకుంటుంది. పొట్ట దశలో, ఈనికలో తప్పితే తాలే. అందుకని మొదటి దశకు ఒకటి, ఈనికకు మూడు అని బరువులు పెట్టాం. ఇది శాస్త్రం అని చెప్పను, ఊళ్లో పెద్ద రైతుల దగ్గర కూర్చుని వాళ్ల మాట మీద వేసిన అంకెలు. కానీ ఆ బరువులతో చూస్తే సమానంగా కోయడమే అన్నిటికంటే చెడ్డ పద్ధతి అని తేలింది. అందరికీ కొంచెం కొంచెం తక్కువ ఇస్తే అందరి పొట్టా ఎండుతుంది. ముందే విస్తీర్ణం తగ్గించి, వేసినదానికి నిండా ఇవ్వాలి.

మరి ఎవరి విస్తీర్ణం తగ్గించాలి? ఇక్కడ నా సలహా ఒకటి, తేలింది ఇంకొకటి. తల నుంచి చివరి దాకా ప్రతి తూములో మూడో వంతు వరి మానాలని నేను అన్నాను. ఎగువ ఊళ్లు ఒప్పుకోలేదు. చివరికి కుదిరింది ఇది: చివరి నాలుగు తూముల కింద మక్కజొన్న లాంటి ఆరుతడే, వరి వద్దు. బదులుగా ప్రతి ఆన్‌లో మొదటి మూడు రోజులు నీళ్లు చివరి తూములకే, ఎగువ తూములకు మట్టికట్టలు. ఆ మూడు రాత్రులు ఎగువ ఊరి నుంచి ఇద్దరు, దిగువ నుంచి ఇద్దరు గట్టు మీద. ఎగువ వరి నుంచి నయాపైసా తగ్గలేదు. న్యాయం అంటారా, నేను అనను. జరిగింది మాత్రం ఇదే.

ఆ యాసంగిలో ఎనిమిది ఆన్‌లు. ఆరింట్లో చివరి తూముకు నీళ్లు అందాయి. ఒకసారి మట్టికట్ట తెగింది, ఇంకోసారి పండగ రోజు కాపలా ఎవరూ రాలేదు. వరి వద్దన్నచోట సగం మంది మాట విన్నారు. వినని వాళ్లలో కొందరికి బాయి ఆదుకుంది, కొందరు పశువులకు వదిలేశారు. తాగునీటి చెరువు చివరి సాగు తడితో కలిపి నింపాం, ఏప్రిల్ రాత్రులు బైక్ మీద తిరగలేదు.

మే నెలలో మళ్లీ అదే చివరి తూము దగ్గరికి పోయాను. మక్క వేసిన ఒక పెద్దమ్మ కల్లంలో కంకులు ఎండబోస్తోంది. నీళ్లు అందాయా పెద్దమ్మా అని అడిగాను.

"నీళ్లకేం సారూ, మంచిగనే అచ్చినయి. కోతులే అచ్చినయి ఇంక మంచిగ. రాత్రి పందులు, పగటీలి కోతులు. వరైతే అవి ముట్టయి, పైగా ఐకేపీ సెంటర్ల సర్కారోళ్లు కొంటరు. మరి గా కోతుల లెక్క మీ కాయితంల ఉన్నదా?"

లేదు. ఈ నవంబర్ పట్టికలో తూము నంబరు పక్కన, ఖాయం తడుల పక్కన ఒక గడి ఖాళీగా పెట్టాను. దాని పైన ఏం రాయాలో ఇంకా తేల్చుకోలేదు. లష్కరు మాత్రం తన నోట్‌బుక్‌లో ఆ గడికి అప్పుడే పేరు పెట్టేశాడు: కోతులు.